ఇంటి కంప్యూటర్ డిస్కులో చోటు చేసుకోవడం

డిస్కులో చోటు చేసుకోవడం అంటే కంప్యూటర్ శాశ్వత నిల్వలో, అది హార్డ్ డిస్క్ అయినా ఎస్‌ఎస్‌డీ అయినా, అక్కర తీరిన ఫైళ్లను తీసేసి గానీ, వేరేచోటికి తరలించి గానీ, కుదించి గానీ కొత్తవాటికి జాగా కల్పించడం. ఆఫీసుల్లో, డేటా కేంద్రాల్లో ఈ పని చూసే నిర్వాహకులు ఉంటారు. వేళ తప్పకుండా నకళ్లు తీసే ఏర్పాటు ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌కు ఆ అండ ఉండదు. పిల్లల ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్, ఎప్పుడో దించుకున్న సినిమా, ఆపరేటింగ్ సిస్టమ్ తన అవసరానికి రాసుకున్న తాత్కాలిక ఫైళ్లు అన్నీ ఒకే డ్రైవ్‌లో పక్కపక్కనే ఉంటాయి. డిస్కు నిండిందన్న హెచ్చరిక చూసి హడావుడిగా తీసేసేవాటిలో ఏది కలిసిపోతుందో చెప్పలేం.

భద్రంగా ఖాళీ చేయాలంటే ఫైళ్లను మూడు తరగతులుగా చూడాలి. మొదటివి వాటంతట అవే మళ్లీ తయారయ్యేవి: బ్రౌజర్ క్యాష్, సూక్ష్మచిత్రాలు, తాత్కాలిక ఫైళ్లు. రెండోవి పోయినా మళ్లీ తెచ్చుకోగలిగేవి: ప్రోగ్రాములు, ఆటలు, ఇన్‌స్టాలర్లు. మూడోవి పోతే తిరిగి రానివి: సొంత ఫొటోలు, వీడియోలు, రాతలు, జమాఖర్చులు. మొదటి తరగతిని తీసేస్తే ప్రమాదం లేదు గానీ దక్కే జాగా తక్కువ. మూడో తరగతిలో జాగా ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. డిస్కు శుభ్రం చేసే పద్ధతులన్నీ ఈ తూకం చుట్టూ తిరిగేవే.

చరిత్ర

నిల్వ చాలకపోవడం కంప్యూటర్లతో పాటు పుట్టిన సమస్య. ఐబీఎం 1956లో తెచ్చిన తొలి వాణిజ్య హార్డ్ డిస్క్ ‘350’లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. బీరువాకు తీసిపోని ఆ యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలు. నేటి ఫోన్ తీసే ఒక్క ఫొటోకు దాదాపు అంత చోటు కావాలి. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్ డిస్క్ ఉండేది.

1990ల ఆరంభంలో డిస్కులు ఖరీదు, ప్రోగ్రాములు పెద్దవి. ఉన్న డిస్కునే రెట్టింపు చేస్తామనే కుదింపు సాఫ్ట్‌వేర్లకు అప్పుడు గిరాకీ వచ్చింది. మైక్రోసాఫ్ట్ 1993లో ఎంఎస్-డాస్ 6.0తో పాటు డబుల్‌స్పేస్ అనే ప్రోగ్రామును ఇచ్చింది. డిస్కు మీదికి వెళ్లే ప్రతి ఫైలునూ అది దారిలోనే కుదించేది. కొందరి డేటా చెడిపోయిందన్న ఫిర్యాదులు రావడంతో 6.2 కూర్పులో అదనపు రక్షణలు చేర్చారు. తమ పేటెంట్లను వాడుకున్నారని స్టాక్ ఎలక్ట్రానిక్స్ వేసిన దావాలో 1994లో జ్యూరీ ఆ సంస్థకు 12 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. జాగా కోసం డేటాను పణంగా పెట్టే చిక్కు ఇంటి కంప్యూటర్లలో అప్పుడే బయటపడింది.

విండోస్ 95తో రీసైకిల్ బిన్, విండోస్ 98తో డిస్క్ క్లీనప్ వచ్చాయి. 2007లో హిటాచీ 1 టీబీ డిస్కును విడుదల చేసేసరికి ఇరుకు రోజులు పోయాయనిపించింది. తర్వాత ల్యాప్‌టాప్‌లు ఎస్‌ఎస్‌డీలకు మళ్లాయి. వేగం ఎన్నో రెట్లు పెరిగింది గానీ అదే ధరకు వచ్చే నిల్వ 128 లేదా 256 జీబీకి పడిపోయింది. అదే కాలంలో ఫోన్ కెమెరాలు 4కె వీడియో తీయడం మొదలుపెట్టాయి. పాత సమస్య మళ్లీ ఇంటికొచ్చింది.

కొలతల్లో తేడా

డ్రైవ్ పెట్టె మీద 1 టీబీ అని ఉంటే విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తుంది. తగ్గిన 69 జీబీని ఎవరూ తినేయలేదు. తయారీదారుల లెక్కలో గిగాబైటు అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ 1,024ను మూడుసార్లు హెచ్చించి 107,37,41,824 బైట్లను ఒక గిగాబైటు అంటుంది. ఈ లెక్కనే 500 జీబీ డ్రైవ్ 465గానూ, 256 జీబీ డ్రైవ్ 238గానూ కనిపిస్తాయి. ఈ గందరగోళం పోవాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో కిబి, మెబి, గిబి అనే వేరు పేర్లు ఖాయం చేసింది. విండోస్ వాటిని తీసుకోలేదు. ఆపిల్ 2009 నాటి స్నో లెపర్డ్ నుంచి తయారీదారుల పదుల లెక్కకే మారింది. అందువల్ల ఒకే పెన్‌డ్రైవ్ రెండు కంప్యూటర్లలో రెండు పరిమాణాలు చూపించవచ్చు.

డిస్కును నింపేవి

అక్షరాలు డిస్కును నింపవు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు సంకేతానికీ యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడతాయి. ‘అమ్మ’ అనే మాటలో పొల్లు గుర్తుతో కలిపి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. ఇంగ్లిష్ అక్షరంతో పోలిస్తే ఇది మూడు రెట్లు. అయినా లక్ష పదాల తెలుగు నవల టైపు చేస్తే రెండు మూడు ఎంబీలకు మించదు. ఆ నవల పేజీలనే బొమ్మలుగా స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వీడియో సంగతి చెప్పక్కర్లేదు. ఫోన్‌లో 4కె వీడియోను కొత్త తరహా హెచ్‌ఈవీసీ కుదింపుతో తీసినా నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుంది. గంటసేపు తీసిన పెళ్లి తంతు 10 జీబీ దాటుతుంది.

సొంత ఫైళ్ల తర్వాత పెద్ద వాటా ఆటలది, ఎడిటింగ్ ప్రోగ్రాములది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చిన్నదేమీ కాదు. విండోస్ 11కు కనీసం 64 జీబీ నిల్వ ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన. అప్‌డేట్ల అవశేషాలు, వెనక్కి వెళ్లేందుకు దాచిన పాత కూర్పులు, నిద్రాణ స్థితి కోసం రాసిన ఫైలు దీనికి తోడవుతాయి. బ్రౌజర్ క్యాష్ పేరు తరచూ వినిపిస్తుంది గానీ చాలా ఇళ్లలో దాని వాటా ఒకటి రెండు జీబీలకు అటూ ఇటూగానే ఉంటుంది.

డిస్కు నిండితే

ఖాళీ పూర్తిగా అడుగంటితే ఆపరేటింగ్ సిస్టమ్ తాత్కాలిక ఫైళ్లు రాసుకోలేదు. అప్‌డేట్లు సగంలో ఆగిపోతాయి. మెమరీ చాలనప్పుడు డిస్కును వాడుకునే పేజ్‌ఫైల్ పెరగడానికి వీలుండదు. ప్రోగ్రాములు హఠాత్తుగా మూతపడతాయి. చేతిలో ఉన్న డాక్యుమెంటు సేవ్ కాకపోవడం అన్నిటికంటే పెద్ద నష్టం.

హార్డ్ డిస్కులో ఖాళీ తగ్గేకొద్దీ కొత్త ఫైళ్లు ముక్కలుముక్కలుగా పడి చదవడం నెమ్మదిస్తుంది. ఎస్‌ఎస్‌డీది వేరే కథ. ఫ్లాష్ మెమరీలో చిన్న చిన్న పేజీలుగా రాయవచ్చు, చెరపాలంటే మాత్రం ఎన్నో పేజీలున్న బ్లాకు మొత్తాన్ని చెరపాలి. ఖాళీ బ్లాకులు లేకపోతే డ్రైవ్ లోపలి కంట్రోలర్ ఉన్నవాటిని సర్దుకుంటూ రాయాలి. రాత నెమ్మదిస్తుంది, అరుగుదల పెరుగుతుంది. పదో వంతు నుంచి ఐదో వంతు వరకు ఖాళీ ఉంచాలన్నది వాడుకలో ఉన్న అంచనా. ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చే డీఫ్రాగ్మెంటేషన్ హార్డ్ డిస్కులకు ఉద్దేశించినది. ఎస్‌ఎస్‌డీకి అది అక్కర్లేదు, దానివల్ల అదనంగా జాగా కూడా రాదు.

తొలగించినప్పుడు జరిగేది

మామూలుగా డిలీట్ నొక్కితే విండోస్‌లో ఫైలు రీసైకిల్ బిన్‌లోకి, మ్యాక్‌లో, లినక్స్‌లో ట్రాష్‌లోకి వెళుతుంది. అక్కడున్నంతసేపూ అది డిస్కులో ఉన్నట్టే. అంగుళం చోటు కూడా ఖాళీ కాదు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కినా, విండోస్‌లో పెన్‌డ్రైవ్ నుంచో నెట్‌వర్క్ ఫోల్డర్ నుంచో తీసేసినా సాధారణంగా ఈ మజిలీ ఉండదు.

బుట్ట ఖాళీ చేసినప్పుడు కూడా అసలు డేటా వెంటనే చెరిగిపోదు. ఫైల్ సిస్టమ్ తన పట్టికలో ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. పాత ఫ్యాట్ పద్ధతిలో ఫైలు పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెట్టి ఊరుకునేవారు. ఆ చోటులో కొత్తది రాసేదాకా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పాతదాన్ని పైకి తీసే అవకాశం హార్డ్ డిస్కుల్లో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీల్లో ఈ అవకాశం దాదాపు మూసుకుపోయింది. విండోస్ 7 కాలం నుంచి వాడుకలోకి వచ్చిన ట్రిమ్ ఆదేశం, ఏ పేజీలు అక్కర్లేదో డ్రైవ్‌కు చెబుతుంది. డ్రైవ్ వాటిని తనకు వీలైనప్పుడు నిజంగానే చెరిపేస్తుంది. పొరపాటున తీసేస్తే షాపులో ఇచ్చి తెప్పించుకోవచ్చన్న పాత ధైర్యం నేటి ల్యాప్‌టాప్‌లకు వర్తించదు.

ఏం నింపిందో చూడడం

మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ పరిశోధనశాలలో 14 మంది కలిసి వాడుకునే 80 ఎంబీ డిస్కు ఒకటి ఉండేది. అది నిండిపోయినప్పుడల్లా ఎవరి ఫైళ్లు చోటు ఆక్రమించాయో తెలిసేది కాదు. దానికి పరిష్కారంగా ఆయన 1990లో ట్రీమ్యాప్ అనే చిత్రణ పద్ధతిని ఆలోచించారు. తెర మొత్తం డిస్కు అనుకుంటే, ప్రతి ఫోల్డరూ దాని పరిమాణానికి తగ్గ దీర్ఘచతురస్రంగా, దానిలోపలి ఫైళ్లు ఇంకా చిన్న గళ్లుగా కనిపిస్తాయి. కమతాల పటంలా చూడగానే పెద్ద చెక్క ఏదో తెలిసిపోతుంది. తర్వాతి కాలంలో ఈ పద్ధతి డిస్కు గడి దాటి షేర్ మార్కెట్ పటాల వరకు వెళ్లింది.

విండోస్‌లో విన్‌డిర్‌స్టాట్, విజ్‌ట్రీ, మ్యాక్‌లో గ్రాండ్‌పర్‌స్పెక్టివ్ ఈ తరహా సాధనాలే. లినక్స్‌లో గ్నోమ్ డిస్క్ యూసేజ్ అనలైజర్ గళ్ల బదులు వలయాలుగా కూడా చూపగలదు. ఇవి చూపించడం వరకే. ఏది తీయాలో తేల్చేది మనిషి. ఒకసారి పటం చూస్తే చాలాసార్లు బయటపడేది ఒకే సంగతి: ఐదారు పెద్ద ఫోల్డర్లే డిస్కులో సగానికి పైగా ఆక్రమించి ఉంటాయి. వేల కొద్దీ చిన్న ఫైళ్లను ఏరుకుంటూ కూర్చోనక్కర్లేదు.

విండోస్‌లో

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పేజీ డిస్కును విభాగాల వారీగా చూపిస్తుంది. అక్కడి ‘టెంపరరీ ఫైల్స్’ జాబితా మొదటి తరగతి ఫైళ్లకు సురక్షితమైన దారి. ఒక్క మెలిక ఉంది: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా కనిపిస్తుంది. పేరుకు తాత్కాలికమే అయినా చాలా ఇళ్లలో బ్యాంకు స్టేట్‌మెంట్లు, మార్కుల మెమోలు, టికెట్లు ఉండేది అందులోనే. దానికి టిక్కు పెట్టే ముందు తెరిచి చూడాలి. 2017లో వచ్చిన స్టోరేజ్ సెన్స్ ఇదే పనిని వేళకు తనంతట తాను చేస్తుంది. దానిలోనూ డౌన్‌లోడ్స్ గడువును ‘ఎప్పుడూ వద్దు’ మీద ఉంచడం మేలు.

విండోస్ పెద్ద కూర్పు మారినప్పుడు పాతది ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌లో ఉండిపోతుంది. 10 రోజులలోపు వెనక్కి వెళ్లేందుకు అది కావాలి. గడువు తీరాక సిస్టమే తీసేస్తుంది. కొత్త కూర్పు సజావుగా నడుస్తోందని రూఢి అయితే ముందే తీసేయవచ్చు, జీబీల్లో జాగా వస్తుంది.

‘హైబర్‌ఫిల్.సిస్’ అనేది నిద్రాణ స్థితికి వెళ్లేటప్పుడు మెమరీలోని సంగతులు రాసుకునే ఫైలు. మెమరీ పరిమాణాన్ని బట్టి అది కొన్ని జీబీలు ఉంటుంది. నిద్రాణ స్థితి వాడనివారు పవర్ ఆదేశంతో ఆ సౌకర్యాన్ని ఆపేస్తే ఫైలు దానంతట అదే పోతుంది. త్వరగా ఆన్ అయ్యే ఫాస్ట్ స్టార్టప్ కూడా దానితో పాటు పోతుంది. కరెంటు కోతలున్నచోట ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయేవేళ పనిని కాపాడేది ఈ ఫైలేనని గుర్తుంచుకోవాలి.

‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ ఫోల్డర్ చాలామందిని కంగారు పెడుతుంది. పది జీబీకి పైగా కనిపించే ఈ ఫోల్డర్‌లో విండోస్ భాగాలు, వాటి పాత కూర్పులు ఉంటాయి. కనిపించే అంకె అసలు వాడకం కంటే ఎక్కువ, ఎందుకంటే దానిలోని ఎన్నో ఫైళ్లు సిస్టమ్ ఫోల్డర్లలో ఉన్నవే. ఒకే మనిషి పేరు రెండు ఓటరు జాబితాల్లో ఉన్నట్టు, ఒకే డేటాకు రెండుచోట్ల పేర్లుంటాయి. చేత్తో తీసేస్తే అప్‌డేట్లు, ఒక్కోసారి విండోసే నిలిచిపోతుంది. డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైళ్లను శుభ్రం చేసే ఎంపిక గానీ, డిస్మ్ అనే ఆదేశం గానీ అక్కర్లేని పాత కూర్పులను మాత్రమే తీస్తాయి.

మ్యాక్‌లో

ఆపిల్ 2017లో తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఒకే డ్రైవ్‌లో ఫైలుకు నకలు చేస్తే అదనపు చోటు పట్టదు. మార్పు జరిగిన భాగానికే కొత్త చోటు వాడుతుంది. కాబట్టి ఫైండర్‌లో చేసిన నకలును తీసేసినా ఖాళీ పెరగకపోవచ్చు. టైమ్ మెషీన్ అదే డిస్కులో దాచే స్నాప్‌షాట్ల వల్ల కూడా ఫైళ్లు తీసేసిన వెంటనే అంకె మారదు. జాగా అవసరమైనప్పుడు సిస్టమే వాటిని వదులుకుంటుంది.

మ్యాక్‌లో కనబడని భారీ నిల్వల్లో ఐఫోన్ బ్యాకప్‌లు ఒకటి. పదుల జీబీలు పట్టే ఇవి చూడడానికి క్యాష్‌లా అనిపించినా మూడో తరగతివి. ఫోన్ పోయినా పాడైనా మిగిలేది ఆ ప్రతి ఒక్కటే కావచ్చు.

లినక్స్‌లో

ఉబుంటు, డెబియన్‌లలో దించుకున్న ప్యాకేజీ ఫైళ్లు క్యాష్‌లో పేరుకుంటాయి. ఆప్ట్ ప్రోగ్రాములోని క్లీన్ ఆదేశం వాటిని, ఆటోరిమూవ్ ఆదేశం అక్కర తీరిన ప్యాకేజీలను, పాత కెర్నెళ్లను తీస్తాయి. సిస్టమ్ చిట్టా అయిన జర్నల్‌కు పరిమాణ పరిమితి పెట్టవచ్చు. ఇక్కడ రెండు వింతలున్నాయి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా ఐదు శాతం చోటును నిర్వాహకుడి కోసం పక్కన పెడుతుంది. దాన్ని ‘పోయిన’ జాగా అనుకోకూడదు. రెండోది, ఏదైనా ప్రోగ్రాము తెరిచి ఉంచిన ఫైలును తీసేస్తే పేరు మాయమవుతుంది గానీ, ఆ ప్రోగ్రాము మూసేదాకా చోటు ఖాళీ కాదు.

సొంత ఫైళ్లు

ఎక్కువ జాగా వచ్చేదీ, ఎక్కువ ఓపిక కావలసినదీ ఇక్కడే. ఒకే ఫోన్ ఫొటోలను మూడుసార్లు మూడు ఫోల్డర్లలోకి దించి ఉండడం ప్రతి ఇంట్లో కనిపించేదే. నకళ్లను వెతికే ప్రోగ్రాములు ఫైళ్ల పేర్లను కాక, లోపలి డేటా నుంచి లెక్కగట్టిన హ్యాష్ విలువను పోల్చాలి. పేరు ఒకటే అయినా లోపల వేరు ఉండవచ్చు.

వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన ప్రతి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పంపేటప్పుడు వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, తీసిన తేదీ, చోటు వంటి వివరాలను తొలగిస్తుంది. అందుకే అసలు ఫొటో, దాని వాట్సాప్ ప్రతి చూడడానికి ఒకలా ఉన్నా ఒకటి కావు. రెండూ ఉంటే పోవలసింది వాట్సాప్ ప్రతి. అమెరికాలోని కొడుకు పంపిన మనవడి ఫొటోకు ఈ ఇంట్లో ఉన్నది వాట్సాప్ ప్రతి మాత్రమే అయితే, శుభోదయం బొమ్మలతో పాటు దాన్నీ ఊడ్చేయకూడదు.

ఫొటోలను, వీడియోలను జిప్ చేయడం వల్ల లాభం దాదాపు సున్నా. జేపెగ్, ఎంపీ4 ఫైళ్లు పుట్టుకతోనే కుదింపు పొందినవి. పెన్‌డ్రైవ్‌కు తరలించేటప్పుడు ఇంకో అడ్డంకి ఎదురవుతుంది: ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియోకు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి కావాలి. తరలింపుకు కట్-పేస్ట్ వద్దు. ముందు కాపీ చేసి, కొన్నిటిని తెరిచి చూసి, ఆ తర్వాతే అసలును తీసేయాలి. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి మూలన పెట్టడానికి పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ తగినవి కావు.

తెలుగులో టైపు చేసేవారి సమస్య

రెండో తరగతి ఫైళ్లను, అంటే ప్రోగ్రాములను తీసేసేటప్పుడు తెలుగు ఇళ్లకు ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. యూనికోడ్ స్థిరపడక ముందు డీటీపీ కేంద్రాల్లో, పత్రికల్లో, ఇళ్లలో కూడా అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో టైపు చేసేవారు. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు సంకేతాలు కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ఆకారాలు. ఫాంటు పోతే తెలుగు పోయి అర్థంలేని గుర్తుల వరస మిగులుతుంది. ప్రోగ్రాము కూడా పోతే ఫైలు తెరుచుకోదు. పదేళ్లుగా ముట్టని పాత ప్రోగ్రాము, పాత ఫాంట్లు జాబితాలో కనిపించగానే తీసేయడం వల్ల తాతగారి ఆత్మకథ చదవలేని ఫైలుగా మారవచ్చు. అలాంటి రాతలను ముందు యూనికోడ్‌లోకి మార్చి, కనీసం పీడీఎఫ్‌గా అయినా చేసి ఉంచుకున్నాకే ఆ ప్రోగ్రాముల జోలికి వెళ్లాలి.

క్లౌడ్ నిల్వ

గూగుల్ ఉచితంగా 15 జీబీ, ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ చెరో 5 జీబీ ఇస్తాయి. గూగుల్ ఫొటోస్‌లో కుదించిన ఫొటోలను ఎన్నయినా ఉచితంగా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. వన్‌డ్రైవ్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకుంటే ఫైలు క్లౌడ్‌లో ఉండి, కంప్యూటర్‌లో పేరు మాత్రమే మిగులుతుంది. తెరిచినప్పుడు మళ్లీ దిగుతుంది. మ్యాక్‌లోని ‘ఆప్టిమైజ్’ సౌకర్యం పద్ధతి కూడా ఇదే.

ఇక్కడ జరిగే ప్రధానమైన పొరపాటు సింక్‌ను బ్యాకప్ అనుకోవడం. సింక్ అంటే అన్నిచోట్లా ఒకేలా ఉంచడం. క్లౌడ్‌లో ఉంది కదా అని కంప్యూటర్‌లోని సింక్ ఫోల్డర్ నుంచి డిలీట్ చేస్తే క్లౌడ్ నుంచీ, ఫోన్ నుంచీ కూడా పోతుంది. గూగుల్ డ్రైవ్, వ్యక్తిగత వన్‌డ్రైవ్ చెత్తబుట్టల్లో 30 రోజులు ఉంటుంది; ఆ తర్వాత చిక్కదు.

ముట్టుకోకూడనివి

విండోస్‌లో సిస్టమ్32, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్, ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్‌డేటా, ‘ఇన్‌స్టాలర్’ ఫోల్డర్లను చేత్తో ఖాళీ చేయకూడదు. ఇన్‌స్టాలర్ ఫోల్డర్ పాత సెటప్ ఫైళ్ల కుప్పలా కనిపిస్తుంది గానీ, ప్రోగ్రాములను మరమ్మతు చేయాలన్నా, తీసేయాలన్నా, అప్‌డేట్ చేయాలన్నా అవే కావాలి. పేజ్‌ఫైల్, రికవరీ విభాగం కూడా ఈ కోవలోవే. మ్యాక్‌లో సిస్టమ్, లైబ్రరీ ఫోల్డర్లకు, లినక్స్‌లో యూజర్ ఫోల్డర్ బయటి దేనికైనా ఇదే నియమం. ప్రోగ్రామును దాని ఫోల్డర్ తీసేసి కాక, అన్‌ఇన్‌స్టాల్ చేసి తొలగించాలి.

ఒక్క నొక్కుతో శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లు తీసేవాటిలో ఎక్కువ భాగం సిస్టమ్ సొంత సాధనాలూ తీయగలిగినవే. వాటిలోని రిజిస్ట్రీ క్లీనర్లు ఆదా చేసే చోటు లెక్కలోకి రానంత తక్కువ. అలాంటి వాటికి మద్దతివ్వమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2017 ఆగస్టులో విడుదలైన సీక్లీనర్ 5.33 కూర్పులోకి తయారీ దశలోనే దాడిదారులు హానికర కోడ్‌ను చొప్పించారు. సెప్టెంబరులో బయటపడేసరికి అది దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది. శుభ్రం చేసే ప్రోగ్రాముకు కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఇస్తాం కనుక అది చెడితే నష్టమూ అంతటిదే.

సిస్టమ్ తయారీదారు కూడా ఈ పొరపాటుకు అతీతుడు కాడు. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను, ఫొటోలను తుడిచేసింది. ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కు మళ్లించుకున్నవారి దగ్గర మిగిలే ఖాళీ నకలు ఫోల్డర్లను తీసేయాలని రాసిన కోడ్, పాతచోట ఉన్న ఫైళ్లను కూడా తీసేయడం దానికి కారణం. మైక్రోసాఫ్ట్ విడుదలను ఆపి, సరిచేసి నవంబరు 13న మళ్లీ ఇచ్చింది. ఖాళీ అనుకున్నది నిజంగా ఖాళీగా ఉందో లేదో చూడకుండా తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పని క్రమం, నకళ్లు

ముందు తిరిగి రాని ఫైళ్లకు నకలు తీయాలి; తర్వాత పటం చూసి పెద్దవి గుర్తించాలి. ఆపైన మొదటి తరగతిని సిస్టమ్ సాధనంతో, రెండో తరగతిని అన్‌ఇన్‌స్టాల్‌తో తగ్గించి, చివరగా మూడో తరగతిని తరలించాలి. రీసైకిల్ బిన్‌ను అదే రోజు ఖాళీ చేయకుండా, వీలైతే వారం పది రోజులు కంప్యూటర్ వాడి చూడడం మంచిది. ప్రతి నెలా ఇదంతా చేసినా డిస్కు మళ్లీ నిండుతుంటే ఆ ఇంటికి అది చాలని డిస్కు. పెద్దది వేయించడమే సరైన దారి.

నకళ్ల విషయంలో ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇంటికి కూడా సరిపోతుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట. పాత ఫైళ్లను బయటి డ్రైవ్‌లోకి తరలించి కంప్యూటర్‌లో తీసేస్తే ఉన్నది మళ్లీ ఒక్క ప్రతే. అది బ్యాకప్ అనిపించుకోదు.

1998లో పిక్సార్ స్టూడియోలో ఎవరో నడిపిన ఒక డిలీట్ ఆదేశం ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లలో చాలా భాగాన్ని తుడిచిపెట్టింది. బ్యాకప్‌లు ఉన్నాయి గానీ అవి సరిగా పనిచేయడం లేదని, ఎవరూ పరీక్షించలేదని అప్పుడే తెలిసింది. బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక దర్శకురాలి ఇంటి కంప్యూటర్‌లో సినిమా ప్రతి ఒకటి ఉంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తీసుకెళ్లారు.